రెండోసారి ఇస్త్రీ

ఆ సందు మొదట్లో ఇస్త్రీబల్ల దగ్గర పొద్దున ఏడింటికే జనం చేరేవారు. అక్కడ ఇస్త్రీ చేసే ఆవిడ ఇస్త్రీపెట్టె నడిపితే బట్ట ముడతలతో పాటు తొడుక్కునేవాళ్ల దిగులూ పోయేది. వీధిలో అందరికీ అది అలవాటే. ఆఫీసరు చేత చీవాట్లు తిన్న గుమాస్తా సాయంత్రమే చొక్కా పట్టుకొచ్చేవాడు. పెళ్లయి పదేళ్లు దాటినవాళ్లు రెండేసి జతలు తెచ్చేవారు. ఎవరి బట్ట మీదైనా ఆవిడ ఒక్కసారే పెట్టె నడిపేది. రెండోసారి నడిపితే ఇంకేం పోతుందో తనకీ తెలియదని నవ్వేసేది.

ఆ వారం ఆవిడ కూతురికి ఒకటే ధ్యాస, మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూ. మార్కులు సరిపోయాయి. ఇక ముగ్గురు పెద్దవాళ్ల ముందు కూర్చుని, ఈ చదువు ఎందుకు కావాలో చెప్పాలి. పక్కవాటాలో ఉండే రిటైరైన టీచరుగారు రోజూ సాయంత్రం వచ్చి, కళ్లజోడు ముక్కు మీదకి దించి, ఆ ముగ్గురి పాత్రలూ తనే వేసేవారు.

"డాక్టరువే ఎందుకవ్వాలమ్మా?"

పిల్ల గడగడా మొదలుపెట్టేది. తన పద్నాలుగో ఏట నాన్నకి ఊపిరాడకపోతే చెప్పుల్లేకుండా డాక్టరు కోసం పరిగెత్తింది. మూడు తలుపులు తట్టింది. నాలుగో ఇంట్లో దొరికిన డాక్టరుని వెంటబెట్టుకుని మెట్లెక్కేసరికి... ఐదు రోజులూ అక్కడే ఆగిపోయింది.

"ఆగినా పర్వాలేదే. నీ జవాబు అదే," అన్నారు టీచరుగారు.

తల్లికి ఆ మాట చెవికెక్కలేదు. ఇలా మధ్యలో ఆగిపోయే పిల్లకి సీటెవరిస్తారన్న భయమే ఆవిణ్ణి పట్టుకుంది. ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే తెల్ల చొక్కా బల్ల మీద పరిచి, నీళ్లు చిలకరించి, పెట్టె నడిపింది. బాగానే వచ్చింది. అయినా మనసొప్పక, మెడపట్టీ నుంచి అంచు దాకా మళ్లీ నడిపింది. కన్నకడుపు కదా, తను పెట్టుకున్న కట్టుబాటు తనే మరిచింది.

పిల్ల నవ్వుతూ వెళ్లింది, నవ్వుతూనే తిరిగొచ్చింది. అన్నిటికీ తడుముకోకుండా చెప్పిందట. ఆఖర్న ఆ ప్రశ్నే అడిగారట.

"ఏమన్నావే?" అంది తల్లి, గడప దాటనివ్వకుండానే.

"ఎంత ఆలోచించినా కారణం తట్టలేదమ్మా. ప్రత్యేకంగా ఏం లేదండీ అన్నాను."

తల్లి అక్కడే కూలబడింది. నాన్న లేడని పిల్లకి తెలుసు. ఆయన పోయిన రోజే దాని జ్ఞాపకంలో లేకుండా పోయింది.

సీటు రాలేదు. "పోనీలేమ్మా," అని పిల్ల బల్ల దగ్గర సాయానికి నిలబడింది. మళ్లీ ప్రయత్నించమని టీచరుగారు రెండేళ్లు పోరారు. "దేనికండీ?" అనేది, మొండితనంతో కాదు, నిజంగా తెలియకే. తల్లి మాత్రం చేజేతులా చేశానని కుమిలిపోయింది. నీ బట్టలూ ఇస్త్రీ చేసుకోకూడదా అన్నారు వీధివాళ్లు. చెయ్యి మళ్లీ ఒక్కసారితో ఆగదేమోనని ఆవిడ ఒప్పుకోలేదు. ఇంట్లో ఆ రోజు గుర్తున్నది తనొక్కదానికే. తనూ పోగొట్టుకుంటే ఇక అడిగినా చెప్పేవాళ్లుండరు.

ఒక మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. దానంతట దానికే గుర్తొస్తుందేమోనన్న ఆశతో, ఎవరి సంగతో చెప్పకుండా, ఆ పరుగంతా పూసగుచ్చినట్టు చెప్పింది. పిల్ల పని ఆపి శ్రద్ధగా వింది.

"అయ్యో పాపం," అంది. "ఎవరమ్మా ఆ అమ్మాయి?"