మోచేతి పైన గాజులు

నాకు నోరెక్కువని మా క్యాంపులో అందరికీ తెలుసు. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద పొలాలు కొనుక్కున్న మా వాళ్ళ పల్లెల్ని ఇక్కడ క్యాంపులంటారు. సీతారావమ్మ గట్టిగా అరిస్తే నిజాంసాగర్ కాలవ వెనక్కి పారుతుందని మా ఆయన హరనాథబాబు నలుగురిలోనూ అంటుంటాడు. అననివ్వండి. ఇంత నోరూ ఆ రోజు బాన్సువాడ సర్కారు దవాఖానలో ఎందుకూ పనికిరాలేదు.

తొంభై ఆరులో, కార్తీకంలో కోతలయ్యాక, కళ్ళంలో వడ్ల బస్తాలు ట్రాలీకి ఎత్తుతున్నారు. ట్రాలీ వెనక ఇనుప తలుపుకి ఉన్న గొలుసు తెగింది. తలుపు వచ్చి రూప్లి కుడి చేతి మీద పడింది. రూప్లి పక్క లంబాడీ తండా మనిషి. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ నాట్లకీ కోతలకీ మా పొలానికే వచ్చేది. మా ఆయన్ని ఆట పట్టించాలంటే నాకు జోడీ ఆమే.

మోచేతి కింద రెండు ఎముకలూ విరిగాయి, కండ నలిగిపోయింది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఉన్న గాజులన్నీ కళ్ళంలోనే పొడైపోయాయి. మోచేతి పైన భుజం దాకా వరసగా వేసుకున్న తెల్ల కొమ్ము గాజులు మాత్రం ఒక్కటీ పగల్లేదు.

"అవి ఆగినయి, గంతే చాలమ్మా," అంది రూప్లి, దవాఖానకి తీసుకెళ్తున్న మా జీపులో, పళ్ళు బిగబట్టుకుని.

ఆ పై గాజులు వాళ్ళకి మన పుస్తెల్లాంటివి. పెళ్ళిలో వేస్తారు. మొగుడు పోయిన రోజున తీస్తారు.

దవాఖానలో కుర్ర డాక్టరు చెయ్యి చూశాడు. ఎముకల సంగతి తర్వాత, ముందు ఆ గాజులు కోసెయ్యాలన్నాడు. చెయ్యి అప్పటికే ఉబ్బుతోంది. గాజులు బిగుసుకుపోతున్నాయి.

"ఎముక విరిగితే అతుకుతది," అన్నాడు రూప్లితో. "నిజామాబాదుల ప్లేట్లు ఏసి బిగిస్తరు. వానకాలం నాట్లకు మళ్ల పోతవు. కిందికి రక్తం దిగకుంటే మాత్రం చెయ్యి సచ్చిపోతది. ఎవ్వడు బతికియ్యలేడు."

రూప్లి ఆ విరిగిన చేతిని పొట్టకి హత్తుకుంది. "నా మొగడు బతికే ఉండు సారూ. గాజులెట్ల కోస్తరు?"

ఆమె మొగుడు లక్‌పతి చెరుకు కొట్టడానికి దెగ్లూరు అవతలికి పోయి ఉన్నాడు. అప్పట్లో ఆ చెరుకు తోటల్లో ఫోనెక్కడిది? ఇంతలో రూప్లి అత్త హేమ్లి తండా నుంచి పరుగున వచ్చింది. వచ్చీ రావడంతోనే మంచానికి అడ్డంగా నిలబడింది. హేమ్లి చేతులు బోసివి. తన గాజులు తీసిన రోజు ఆమె మర్చిపోలేదు, కొడుకు కడుపులో ఉండగా జరిగింది.

"నా కొడుకు వచ్చి, వాని చేతులతోని వాడు తీస్తే దోషం లేదు. వేరేటోళ్లు ముట్టొద్దు," అంది.

నేను ఊరుకుంటానా? హేమ్లిని తిట్టాను. డాక్టరుని, పట్టుకుని కోసెయ్యవయ్యా అని తిట్టాను. అతను రంపం బ్లేడు తెప్పించాడు కూడా. రూప్లి కాళ్ళు ఝాడించి, పళ్ళతో కరవబోయి, మంచం మీంచి దూకేసేంత పని చేసింది. తండా జనం గుమ్మంలో మూగారు. స్పృహలో ఉన్న మనిషి వద్దని అరుస్తుంటే కోసేదెలా? మత్తిచ్చే డాక్టరు నిజామాబాదులో ఉన్నాడు. అక్కడికి పోతే నిద్రపుచ్చి కోస్తారని ఈమె జీపెక్కనంటుంది. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు పాపం, ఆ అబ్బాయి.

చివరికి పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాను. "నాకు గర్భసంచి తీసినప్పుడు పుస్తెల తాడు తియ్యమన్నారే. పసుపుకొమ్ము కట్టుకుని తీసిచ్చాను. మా ఆయన గుండ్రాయిలా ఉన్నాడు, చూస్తున్నావుగా. నీకూ ఏదో ఒకటి కడదాం. రెండో చేతికి ఉన్నాయి కదా, అవి చాలవా?"

"ఒక్క చెయ్యి బోసిగ ఉంటే సగం మొగడు సచ్చినట్టా అమ్మా?" అంది. అంత బాధలోనూ నవ్వింది. పసుపుకొమ్ము మెళ్ళో పడేదాకా నేను మాత్రం తాడు తియ్యనిచ్చానా?

మా ఆయన జీపేసుకుని పిట్లం మీదుగా దెగ్లూరు వెళ్ళాడు. లక్‌పతి ముఠా చెప్పిన చోట లేదు. అక్కడ కొట్టడం అయిపోయి ఇంకో ఊరికి మారారట. ఊరూరూ అడుగుతూ తిరగాల్సి వచ్చింది.

మేం దవాఖానలో ఎదురుచూస్తూ కూర్చున్నాం. రూప్లి మూలుగుతూనే ఉంది. తెల్లవారుతుండగా మూలుగు ఆగింది.

"నొప్పి తగ్గిందమ్మా," అంది. ముఖం తేటపడింది. నేనూ సంతోషించాను, పిచ్చిదాన్ని. పరుగెత్తి డాక్టరుకి చెప్పాను. అతను వచ్చి సూదితో వేళ్ళు గుచ్చి చూశాడు. రూప్లి కిటికీలోంచి బయటికి చూస్తోంది, అతను గుచ్చుతున్నాడని ఆమెకి తెలియనే లేదు. అతను సూది ట్రేలో పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఎండెక్కాక జీపు వచ్చింది. లక్‌పతి ఒంటినిండా చెరుకాకు గీతలు. బ్లేడు అడిగి తీసుకుని, భార్య పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో గాజూ కోశాడు. తెల్లటి పొడి దుప్పటి మీద రాలింది. రూప్లి అతని ముఖమే చూస్తూ పడుకుంది. వచ్చేశాడు, బతికున్నాడు, అంతే ఆమెకి కావలసింది. గాజులు పోయిన చోట చర్మం లోతుగా గాట్లు పడి ఉంది. డాక్టరు ఆమె గోరు నొక్కి వదిలాడు. గోరు కింద ఎరుపు తిరిగి రాలేదు.

నిజామాబాదులో చేతిని పొడుగునా కోసి చూశారు. ఒక్క చుక్క నెత్తురు రాలేదట, లోపలి కండంతా చచ్చిపోయి ఉందట. విషం ఒంటికి పాకితే మనిషే దక్కదన్నారు. లక్‌పతి తలూపాడు. మోచేతి పైన, సరిగ్గా ఆ గాజులుండే చోట తీసేశారు.

గాయం మాత్రం చక్కగా మానింది. చీము పట్టలేదు, జ్వరం రాలేదు. కుట్లు విప్పిన రోజున అక్కడి పెద్ద డాక్టరు, ఇంత బాగా మానడం అరుదని మెచ్చుకున్నాడు.

యాసంగి నాట్లు పడుతుండగా చూడ్డానికి తండాకి వెళ్ళాను. దారిలో ఆడవాళ్ళు నన్ను ఆపి మరీ రూప్లిని పొగిడారు. చెయ్యిచ్చి మొగుడి ప్రాణం కాపాడుకుందట, అట్లాంటి ఆడది ఈ తండాలోనే పుట్టలేదట. నాకు ఒళ్ళు మండింది. నోటి దాకా వచ్చిన మాట మింగి ముందుకు నడిచాను.

హేమ్లి నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. లక్‌పతి అరుగు మీద కూర్చున్నాడు. ఈ ఏడు మళ్ళీ చెరుక్కి పోలేదు. పొద్దున్నే భార్యకి జడ అల్లడం, అన్నం కలిపి పెట్టడం అతని పనులు. రూప్లి ఎడంచేత్తో నాకు చెంబుతో నీళ్ళు తెచ్చింది. చిక్కిపోయింది గాని ఆ నవ్వు అట్లాగే ఉంది. ఆ నవ్వు చూడలేక లక్‌పతి వైపు తిరిగాను.

"ఎట్లా ఉన్నావు లక్‌పతీ?" అన్నాను, ఏదో ఒకటి అడగాలి కదా అని.

అతను నేల చూస్తూ మాట్లాడాడు. "అందరు దీన్ని మెచ్చుకుంటుండ్రమ్మా. నా పానం నిలబెట్టిందంటుండ్రు. నా పానానికేమైందమ్మా? నేను గాడ మంచిగనే చెరుకు కొడుతున్న, మంచిగనే తింటున్న. గా పొద్దు నేను సచ్చిపోయిన్నని ఎవలన్న కబురు తెచ్చినా బాగుండు. గాజులు అప్పుడే తీసేటోళ్లు. దీని చెయ్యి బతికేది. నేను బతికుండవట్టి గదమ్మా, నేను సచ్చి..."

రూప్లి ఒక్క అంగలో అతని దగ్గరికి వెళ్ళింది, నోరు మూయడానికి. ఎడంచేతిలో చెంబుంది. కుడి భుజం విసురుగా లేచింది. జాకెట్టు చేతిలోంచి ఆ మొండి చెయ్యి అతని ముఖానికి జానెడు దూరం దాకా వచ్చి, అందక, అక్కడే ఆగిపోయింది.

లక్‌పతి దాన్ని చూశాడు. ముందుకు వంగి, తనే దానికి నోరు ఆనించి, మాట ఆపేశాడు.