ఇద్దరికీ తెలిసిన దోవ

ఎలక్షన్లు వస్తున్నాయని తెలిసినప్పటి నుంచి సంతోషమ్మకు అన్నం సయించడం లేదు. జమ్మలమడుగులో ఆమెకు తెలిసి ఏ ఎలక్షనూ ఊరికే పోలేదు. ఎవరో ఒక తల్లికి కడుపుకోత పెట్టే పోయింది. ఈసారి ఆ తల్లి తానేనేమోనని ఆమె గుబులు.

అట్లాగని కొడుకు జయకర్ ఏ పార్టీ జెండా పట్టినవాడు కాదు, కోటవైపు, ఏటివైపు అని ఆ సీమను పంచుకున్న ఇద్దరు పెద్దాయనల్లో ఎవరి గడపా తొక్కినవాడూ కాదు. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్తాడు. వాడికున్న పిచ్చల్లా పాత యుద్ధాలు. మూడున్నర వందల ఏళ్ల కిందట గోల్కొండ సైన్యం గండికోటను ముట్టడించిన సంగతిని అట్ట మీద ఆడే ఆటగా మారుస్తున్నాడు. తేనెపట్టు గళ్లు గీసిన పటం, దాని మీద సైన్యాలకు బదులు చింతగింజలు. ఒకడు కోట కాచుకోవాలి, ఇంకొకడు పట్టుకోవాలి.

ఆ ఆట కోసం వాడు చదవని పుస్తకం లేదు. కానీ పుస్తకాల్లో ఫిరంగుల సంగతి ఉంటుంది గానీ, వాటిని లాగిన ఎద్దులు ఏ దోవన ఎక్కాయో ఉండదట. అందుకని ఆదివారం ఆరాధన ముగియగానే సైకిలెక్కి కోట చుట్టుపక్కల పల్లెలకు పోయేవాడు. గొర్రెల కాపరులను కూర్చోబెట్టుకుని, ఈ సందులో పక్కపక్కన ఎంతమంది నడవొచ్చు, ఆ గుండురాయి వెనక దాక్కుంటే కిందివాళ్లకు కనబడతారా, వానాకాలంలో ఏరు ఎక్కడ దాటొచ్చు అని అడిగేవాడు.

వద్దురా అని సంతోషమ్మ మొత్తుకుంది. అవి ఎప్పటి దోవలో కదమ్మా అని వాడు నవ్వాడు. దోవలకు వయసుంటుందా? అప్పుడు ఫిరంగి ఎక్కిన దోవనే ఇప్పుడు బాంబుల సంచీ ఎక్కుతుంది.

ఆమె భయపడినంతా అయింది. పక్కింటి బిస్మిల్లా బీ కొడుకు మైలవరానికి ఆటో తోలుతాడు. అక్కడ కోటవైపు పెద్దాయన మనుషులిద్దరు అతన్ని ఆపి, సైకిలు మీద వచ్చి దోవలడిగే అయ్యవారు ఎవరని ఆరా తీశారట.

"ఎవురి తరఫున తిరుగుతాండాడని అడిగినారంట అక్కా" అని బిస్మిల్లా బీ చెవిలో చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సంతోషమ్మ ఇంక ఆగలేదు. కొడుకు కాలేజీకి పోగానే పటాన్ని చుట్టి కొంగు కింద దాచుకుని, కోటవైపు పెద్దాయన ఇంటికి బయలుదేరింది. వాళ్లు వచ్చి అడిగేలోపు తానే పోయి కాళ్లు పట్టుకుంటే సరిపోతుందనుకుంది.

పెద్దాయన పటాన్ని మంచం మీద పరిపించుకుని చూశాడు. ఆమె చింతగింజల సంగతి చెబుతూనే ఉంది. ఆయన వినలేదు. ఎండన పడి వచ్చిందని మజ్జిగ ఇప్పించాడు. వద్దనడానికి భయమేసి తాగింది.

"మీవోనికి తలకాయుందమ్మా. ఈ వంకలో పోయే దోవ మావోళ్లకే తెలీదు" అన్నాడు. "ఆయితారం పంపించు, మాట్లాడాల."

"అయ్యా, అది ఉత్త ఆట."

"మేం ఆడేది మాత్రం ఏందమ్మా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పటం ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఆమె బయటికి వచ్చేసరికి ఎదురుగా టీ హోటలు బెంచీ మీది మనుషులు మాటలాపి చూశారు. ఈ సీమలో జెండా పట్టనక్కర్లేదు. ఎవరి వాకిట్లో మజ్జిగ తాగి మూతి తుడుచుకుంటూ బయటికొస్తే వాళ్ల పార్టీయే. ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మనిషి, భయంలో పడి మరిచిపోయింది. కొడుక్కి లేని పార్టీని తన చేతులారా అంటగట్టింది.

సాయంత్రం జరిగిందంతా విని జయకర్ కోప్పడలేదు. ఎవరైనా చూశారా అని మాత్రం అడిగాడు. హోటలంతా చూసిందని చెప్పింది. వాడు ఇంకో అట్ట తీసి అదే పటాన్ని మళ్లీ గీయడం మొదలుపెట్టాడు.

"పటం ఇద్దరి ముందరా ఉండాల మా. ఒగనికే ఉంటే అది ఆట కాదు. రేపు ఏటివైపు ఆయప్ప దగ్గరికి నేను పోతా."

"నువ్వు పోతే తిరిగి రావు. నేను పోతా. ముసల్దాన్ని, నన్నేం చేస్తారు."

మరుసటి రోజు ఆమె పోయేసరికి ఏటివైపు పెద్దాయనకు నిన్నటి కబురు అప్పటికే చేరింది.

"నిన్న ఆడికి, ఈ పొద్దు ఈడికి. రేపు యాడికి పోతావమ్మా?" అన్నాడు.

సంతోషమ్మ పటం విప్పింది. కోటవైపాయన దగ్గరా ఇదే ఉందని, ఒక్క గీత తేడా లేదని, యేసయ్య సాక్షిగా చెప్పింది. ఆయన వేలితో ఒక్కో దోవ వెంబడీ పోయాడు. చివరికి పటాన్ని మడిచి ఆమె ఒళ్లో వేశాడు.

"ఇద్దరికీ తెలిసిన దోవలో ఎవుడు పోతాడు? సచ్చేటోడు పోతాడు. తీసకపో. ఈ మాట కోటవైపు ఆయప్పకు నేనే చెప్పిస్తాలే. మీవోన్ని ఇంగ యాడా తిరగొద్దని చెప్పు."

బస్సెక్కాక ఆమెకు ఊపిరి ఆడింది. అయినా ఆ మనసు ఊరికే ఉండేది కాదు. తెలిసిన దోవలు మూసుకుపోతే ఇద్దరూ తెలియని దోవ కోసం వెతుకుతారు. వెతికేవాళ్లు ముందుగా ఎవరి దగ్గరికొస్తారు?

జయకర్ ఆ రోజు కాలేజీకి పోకుండా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. జరిగింది విని, గండం గడిచిందన్నట్టు ఆమె భుజం మీద చెయ్యేశాడు. ఆమె వాణ్ని లోపలికి లాగి తలుపేసింది.

"పటంలో గీసినవి గాకుండా ఇంగేమన్నా దోవుందా జయా?"

వాడు గొంతు తగ్గించాడు.

"ఒగటుంది మా. ఒక ముసలి కాపరి చూపించినాడు. అది పెడితే కోట పట్టేటోడు సులువుగా గెలుస్తాడు, ఆటలో పస ఉండదని వదిలేసినా. అది యాడంటే..."

సంతోషమ్మ వాడి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు గూడా చెప్పొద్దు."

వాడు తలూపాడు. అయినా చెయ్యి తీస్తే ఎక్కడ చెప్పేస్తాడోనని ఆమె చాలాసేపు తీయలేదు.