తేటపడిన కుంట

మా మామ ఓబలప్ప ఊరికి నీరుగంటి. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలో, పశువులు కుంటలోకి ఏ గట్టున దిగాలో చెప్పే పని వాళ్ళ తాతల నాటి నుంచి ఆ ఇంటిదే. అలాంటి ఇంటి కోడలినైన నేను పంచాయతీలో నీళ్ళ పరీక్ష చేసే ఉద్యోగం పట్టడమే ఆయనకు మింగుడుపడలేదు. దానికి తోడు కుంట గట్టున ఎర్ర బోర్డు పాతించాను. 'ఈ నీళ్ళు విషం. పశువులకు తాపరాదు.'

కుంట మీద రంగు డబ్బా ఒలికినట్టు పచ్చటి తెట్టు కట్టింది. నేను పంపిన సీసా చూసి కోలారు ల్యాబువాళ్ళు అది మామూలు పాచి కాదన్నారు. విషం పుట్టించే జాతి, తాగితే గొడ్లు చస్తాయని కాగితం రాసిచ్చారు. ఆ కాగితం ఇంట్లో చదివితే మామ పళ్ళికిలించాడు.

"చదవేస్తే ఉన్న మతి పోయిందంట! పాచికి ఎవురన్నా బోర్డు పెడతారామ్మా? నా కుంటలో ఇన్నేండ్లకు ఒక్క గొడ్డన్నా సచ్చిందా?"

టమోటా తోటకు కొట్టగా మిగిలిన మైలుతుత్తం ఇంట్లో ఉంది, అది పాచిని చంపుతుంది. నా మొగుడు కేశవ పనిచేసే నరసాపురం ఫ్యాక్టరీకి సెలవైన ఆదివారం, అతన్ని వెంటబెట్టుకుని, దాన్ని గోనెసంచిలో కట్టి కుంటంతా ఈడ్పించాడు మామ. నేను మాలూరులో ట్రైనింగులో ఉన్నాను. బుధవారం తిరిగొచ్చేసరికి పచ్చంతా చచ్చి అడుగున పడింది. నీళ్ళల్లో ముఖం కనిపిస్తోంది. ఊరు ఊరంతా గట్టు మీద చేరి మామను పొగుడుతోంది.

అందరి ముందే మొత్తుకున్నాను. "మామా, ఆ పాచి బతికుంటే విషం దాని కడుపులో ఉంటాది. నువ్వు సంపినావు. ఇంగ అది పగిలి నీళ్ళల్లో కలిసిపోయింది. ముందుకంటే ఇప్పుడే ప్రమాదం. మూడు వారాలు ఆగండి, మళ్ళీ పరీక్ష చేపిస్తాను."

పంచాయతీ మెంబరు శ్రీరామప్ప కిసుక్కుమన్నాడు. "పచ్చగుంటే విషమంట, తేటగుంటే ఇంగా విషమంట! యాడ నేర్చినావమ్మా ఈ విద్య?"

అందరూ నవ్వారు. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. మా ఇంట్లో కోడలి మీద కోపం ఆవు మీదికి వచ్చింది. మామ విసవిసా ఇంటికి పోయి నా సీమావును విప్పుకొచ్చాడు. దూడగా ఉన్నప్పుడు వేళ్ళు పాలలో ముంచి నాకించి పెంచుకున్న ఆవు అది. పలుపు పట్టుకుని వేలాడాను. ఒక్క తోపుతో నన్ను బురదలో పడేశాడు. ఎండన పడి వచ్చిన ఆవు, పాపం, కడుపునిండా తాగింది.

చీకటి పడేసరికి దాని కాళ్ళు వణికాయి, నోట నురగ వచ్చింది. తెల్లారి పశువుల డాక్టరు వచ్చేలోపే ప్రాణం పోయింది. ఏం తిన్నదో, ఏం తాగిందో తేలడానికి పది రోజులు పడుతుందని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

ఇంటి ముందు జనం మూగారు. "ఓబలప్పా, నీళ్ళ వల్లనేనా?" అని శ్రీరామప్ప అడిగాడు. మామ పెదవి అదిరింది. ఆయనకు తెలుసు. నిజం చెప్పేస్తాడనుకున్నాను, ఎంత పిచ్చిదాన్నో!

"నీళ్ళ వల్ల కాదప్పా. బోర్డు మాట నిజం చేసుకునేదానికి ఈమే తవుట్లో ఏందో కలిపింది."

కేశవ చొక్కా పట్టుకున్నాను. "చెప్పు! మైలుతుత్తం ఈడ్చింది నువ్వే కదా?"

అతను తల దించుకుని తన చెప్పులు చూసుకున్నాడు. "నేనూ చూసినాను. తవుట్లో ఏందో కలుపుతా ఉన్నింది," అన్నాడు.

ఏడేళ్ళు కాపురం చేశాను వీడితో. థూ!

ఆ మధ్యాహ్నమే బోర్డు పీకేశారు. మర్నాడు పొద్దున నేను ల్యాబుకు పంపడానికి గట్టున సీసా నింపుతుంటే, శ్రీరామప్ప తన నాలుగు ఆవులను తోలుకొచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

"ఏమమ్మా పరీక్షలమ్మా, తాపించొచ్చునా?"

నాలుగూ నీళ్ళ వైపే మెడలు చాచాయి. మూగజీవాలు, వాటికేం తెలుసు. వద్దనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తాపించప్పా," అన్నాను. "నీళ్ళు తేటగానే ఉండాయి కదా."

సీసా మూత బిగించి, అవి కడుపునిండా తాగేదాకా అక్కడే నిలబడ్డాను.