చూపుడువేలి కింది మీట

దగ్గరికి జరుగమ్మా, ఇది గట్టిగా చెప్పుకునే ముచ్చట కాదు.

ఒక పిన్ని ఉండేది. కంప్యూటర్లో ఏ పని ఎలా చెయ్యాలో జనానికి అర్థమయ్యేలా రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. ఆమె అక్క మంచాన పడి, కన్నుమూసేలోపు కూతురి కోసం బోలెడు కబుర్లు తన గొంతుతోనే ఇంట్లో కంప్యూటర్లో దాచి పోయింది. పిల్లకి తెలియాలని పిన్ని ఓ కాగితం రాసి గోడకి అంటించింది: "మౌస్ ఎడమ మీట నొక్కితే వినిపిస్తుంది. కుడి మీట నొక్కితే చెరిగిపోతుంది. జాగ్రత్త."

పిల్ల ఎడమ మీటే నొక్కింది. కబురు మాయమైంది. ఇదైనా పలుకుతుందేమోనని ఇంకోటి, ఆపైన ఇంకోటి. అన్నీ మాయమే.

పిన్ని పరుగున వచ్చేసరికి ఒక్కటే మిగిలింది.

"అమ్మకి నా మీద కోపం పిన్నీ. తన గొంతు తనే పట్టుకుపోతోంది."

"నోర్ముయ్యవే వెర్రిమొహమా!" అంటూనే పిన్ని పిల్లని దగ్గరికి లాక్కుంది.

పిల్ల తండ్రి, అంటే పిన్నికి బావ, గుమ్మం దాటి లోపలికి రాలేదు. "ఇంకోటి చెప్పనా మరదలా? రోజూ మౌస్ కుడిపక్కన సర్ది పోతాను. తెల్లారేసరికి ఎడమపక్కన ఉంటుంది."

"పిల్ల జరిపుంటుంది బావా."

"గదికి తాళం వేసి చూశా. అయినా అంతే."

పిన్ని బల్ల వైపు చూసింది. మౌస్ ఎడమపక్కనే ఉంది. అక్కడ బల్ల అంచు నున్నగా అరిగిపోయి ఉంది, ఏళ్ళ తరబడి ఒక మణికట్టు ఆనిన చోటు. అక్కది ఎడమచేతివాటం! ఎడమ మీట పని కుడిదానికి, కుడిదాని పని ఎడమదానికి వచ్చేలా తారుమారు చేయించుకుని వాడేది. చిన్నప్పుడు ఆ చేతిని చూసి వెక్కిరించింది తనే. తెలిసుండీ, ఆఫీసులో ఊరందరికీ రాసినట్టే రాసిపారేసింది.

"నా రాతే నిన్ను చెరిపేసిందటే అక్కా" అనుకుంటూ కాగితం పీకేసింది. పిల్ల ఎడమచేతిని తనే పట్టుకుని మౌస్ మీద పెట్టింది.

"ఎడమా లేదు, కుడీ లేదు. నీ చూపుడువేలు ఎక్కడ ఆనిందో అదే మీట. నొక్కు."

"ఇది కూడా పోతే?"

"నొక్కమ్మా."

పిల్ల కళ్ళు మూసుకుని నొక్కింది. కాసేపు గరగర. ఓ దగ్గు. ఆ తర్వాత అలిసిపోయిన నవ్వు: "బంగారూ, తిన్నావుటే?"

"తిన్నానమ్మా" అంది పిల్ల. అప్పుడు బావ గుమ్మం దాటి లోపలికొచ్చాడు.

ఆ మౌస్‌ని మళ్ళీ ఎవరూ కుడిపక్కకి జరపలేదు. అదీ తనంతట తాను కదల్లేదు. "ఏమిటీ వేళ్ళ పురాణం?" అని పై అధికారి ఎగతాళి చేసినా, పిన్ని ఆపైన ఆఫీసు రాతల్లోనూ 'చూపుడువేలి కింది మీట' అనే రాసింది.

నువ్వూ ఎవరికైనా మీట చూపించే ముందు వాళ్ళది ఏ చేతివాటమో చూడు తల్లీ. ఈ ముచ్చట మనసులో పెట్టుకో. నీ దగ్గర కూర్చున్నవాళ్ళకి నువ్వూ చెప్పు.