కూర్చోలేనండి

మంచినీళ్ళ క్యాను ఎత్తబోతే పట్టేసింది. అలాంటి క్యాన్లు వారానికి రెండు చొప్పున పదకొండేళ్ళుగా ఎత్తుతూనే ఉంది ఆమె. ఆ రోజు మాత్రం నడుములో ఎవరో తాడు తెంపినట్టయింది. గోడ పట్టుకుని కాసేపు నిలబడి, ఏదో బెణికిందిలే అనుకుని కోర్టుకి వెళ్ళిపోయింది.

ఆమె కోర్టులో స్టెనోగ్రాఫరు. నలభై ఎనిమిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు, అలా జరిగిపోయిందంతే. రెండో అంతస్తులో, రెండు గదుల వాటాలో ఒక్కతే ఉంటుంది. కోర్టులో అందరికీ ఆమె స్టెనోగారు. ఇరవై రెండేళ్ళుగా అలా పిలిచీ పిలిచీ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

మూడో రోజుకి నడుం నొప్పి తగ్గింది. తగ్గిందని సంతోషించేలోపే అది ఎడమకాల్లోకి దిగింది. పిరుదు దగ్గర మొదలై, తొడ వెనకనుంచి పిక్క మీదుగా చిటికెన వేలి దాకా, కాల్చిన తీగ లాగినట్టు ఒకటే పోటు. నిలబడితే ఓర్చుకోగలదు. కూర్చుంటే మాత్రం రెండు నిమిషాలకే చెమటలు పట్టేవి. తుమ్మొస్తే ప్రాణం పోయి మళ్ళీ వచ్చేది.

స్కాను తీశారు. రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్త పక్కకి జారి, కాల్లోకి వెళ్ళే నరాన్ని నొక్కుతోందని చెప్పాడు డాక్టరు.

"ఆపరేషనా డాక్టరుగారూ?"

"తొందరేం లేదమ్మా. పాదంలో బలం బాగానే ఉంది. చాలామందికి కొన్ని నెలల్లో ఆపరేషను లేకుండానే సర్దుకుంటుంది. కాకపోతే పాదం వాలిపోయినా, కూర్చునే చోట మొద్దుబారినా, ఒంటికీ రెంటికీ తేడా వచ్చినా మాత్రం క్షణం ఆగకుండా వచ్చెయ్యండి." మందులు రాస్తూ అడిగాడు, "మీతో ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండి."

"ఇంట్లో ఎవరుంటారు?"

"నేనే."

రాస్తున్న పెన్ను ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

వేరే ఊళ్ళో ఉండే అన్నయ్యకి ఫోను చేసింది. "వెన్నుపూస మీద కత్తి పెట్టించుకోకు, చెప్తున్నా. మా ఆఫీసులో ఒకాయన అలాగే మంచానికి అతుక్కుపోయాడు" అన్నాడు. వదిన ఫోను లాక్కుంది. "ఆయన మాటలు వినకమ్మా. మా పిన్ని చేయించుకుని మూడో నెలకల్లా మెట్లెక్కింది. చేయించేసుకుంటే ఒక పనైపోతుంది." "మీ పిన్ని సంగతి వేరే!" "ఏం, మా పిన్నిది నడుం కాదా?" అలా వాళ్ళిద్దరూ వాదులాడుకుంటుంటే ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింటూ ఉండిపోయింది. చివరికి జాగ్రత్తని చెప్పి పెట్టేశారు. వస్తామని వాళ్ళు అనలేదు. రమ్మని ఆమె కూడా అడగలేదు.

సెలవు పెట్టింది. నేల మీద దుప్పటి పరుచుకుని వెల్లకిలా పడుకుని, పిక్కలు కుర్చీ మీద పెట్టుకుంటే కాస్త సుఖంగా ఉండేది. అలా పడుకుంటే కనబడేది భోజనాల బల్ల అడుగుభాగం. ఎవరో వడ్రంగి పెన్సిల్‌తో వేసుకున్న కొలతలు ఇంకా చెరగలేదు. పదహారేళ్ళుగా అన్నం తింటున్న బల్లకి ఒక మేకు తక్కువని అప్పుడే తెలిసింది.

ఒకరోజు పొద్దున్న నీళ్ళతను తలుపు కొట్టాడు. "అమ్మా, నీళ్ళు!" లేవాలంటే ముందు పక్కకి తిరగాలి, తర్వాత మోకాళ్ళ మీదికి రావాలి, ఆ తర్వాత కుర్చీ పట్టుకోవాలి. "వస్తున్నా" అంది, కానీ ఆ గొంతు గుమ్మం దాకా వెళ్ళేటంతది కాదు. అతను మూడుసార్లు పిలిచాడు. ఆమె మోకాళ్ళ మీద తలుపు దగ్గరికి చేరేసరికి చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోతోంది. తలుపుకి నుదురు ఆనించి అలాగే ఉండిపోయింది. ఏడుద్దామంటే ఏడవడానికి కూడా లేదు. వెక్కితే నడుం కదుల్తుంది, నడుం కదిలితే పోటు.

ఫిజియో దగ్గరికి వెళ్ళింది ఆ వారమే. ఆ అమ్మాయి పొట్టిగా, చలాకీగా ఉండేది. వచ్చినవాళ్ళందరినీ అక్కా, అన్నా అనే పిలిచేది. బోర్లా పడుకోబెట్టి, ముందు మోచేతుల మీద, తర్వాత అరచేతుల మీద ఛాతీ ఎత్తించేది.

"అక్కా, ఎంత నొప్పి అని అడగను. పైకి ఎక్కుతోందా, కిందికి దిగుతోందా, అదొక్కటే చెప్పండి."

"పిక్కలో తగ్గినట్టుంది. పిరుదులో మాత్రం చంపేస్తోంది."

"అబ్బ, మంచి మాట చెప్పారు! పిరుదులో ఎంతైనా చంపనివ్వండి. అది పాదం వదిలి పైకి పాకుతోందంటే దారికొస్తున్నట్టే. కిందికి దిగితేనే నాకు ఫోను చెయ్యండి."

రోజుకి మూడుసార్లు ఐదేసి నిమిషాలు నడవమంది. వారానికి ఒక నిమిషం పెంచమంది. తుమ్మొచ్చేటప్పుడు ముందుకి వంగకుండా వెనక్కి వాలి తుమ్మమంది. ఆ అమ్మాయి అరచెయ్యి వెచ్చగా నడుం మీద ఆనినప్పుడు ఆమెకి ఒక సంగతి తట్టింది: ఇంకో మనిషి చెయ్యి తన ఒంటికి తగిలి ఎన్నాళ్ళయిందో గుర్తురావడం లేదు. ఇరవై నిమిషాలు కాగానే ఆ అమ్మాయి కర్టెను జరిపి "తర్వాత ఎవరన్నా?" అని పిలిచేది.

సెలవులన్నీ అయిపోయాక కోర్టుకి వెళ్ళక తప్పలేదు. మొదటిరోజు కుర్చీలో పది నిమిషాలు కూర్చునేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. జడ్జిగారి దగ్గరికి వెళ్ళి విన్నవించుకుంది. నిలబడి టైపు చేసుకుంటానంది. ఆయన కళ్ళజోడు తీసి, "రోజంతానా అమ్మా?" అన్నారు. "కూర్చోవడం కన్నా అదే నయం సార్." సరేనన్నారు. బంట్రోతు పాత రికార్డుల పెట్టెలు రెండు తెచ్చి ఆమె బల్ల మీద పేర్చాడు. వాటి మీద కంప్యూటరు పెట్టుకుంది.

అలా ఆ గదిలో నిలబడేవాళ్ళు ఇద్దరయ్యారు: బోనులో సాక్షి, బల్ల దగ్గర ఆమె. "స్టెనోగారూ, మీ మీద కేసెప్పుడు పెట్టారు?" అని బెంచి క్లర్కు నవ్వాడు. మొదటిరోజు ఆమె కూడా నవ్వింది. నెలరోజుల తర్వాత కూడా అతను అదే జోకు వేస్తూనే ఉన్నాడు.

కనబడే దెబ్బ ఏదైనా ఉంటే బాగుండుననిపించేది ఆమెకి. కట్టు కట్టుకుంటే అడుగుతారు, కుంటితే పాపం అంటారు. ఇదేమో ఒంట్లో దాక్కుని తినే నొప్పి. గదిలోకి కొత్తగా ఎవరొచ్చినా ముందు అనే మాట "కూర్చోండమ్మా" అని. మర్యాదకే అంటారు. ఫరవాలేదంటే వదలరు. "అయ్యో, అలా నిలబడే ఉంటారేంటండీ!" చివరికి విసుగు పుట్టి ఆమే గది వదిలి వెళ్ళిపోయేది. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకుని బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళు. ఆమె కిటికీ గట్టు మీద డబ్బా పెట్టుకుని, వాళ్ళకి వీపు చేసి తినేది. వాళ్ళ మాటలన్నీ ఆమె మోచేతి కింద నుంచి పోయేవి. కొన్నాళ్ళకి ఆమెని మాటల్లో కలపడం కూడా మానేశారు. పగేమీ లేదు. కూర్చున్నవాళ్ళతో మాట్లాడటమే సులువు.

మూడో నెలలో గోడౌన్ హమాలీ కేసు విచారణకొచ్చింది. బస్తాలు మోస్తూ పడి నడుం పాడైందని, పనిలోంచి తీసేశారని, నష్టపరిహారం ఇప్పించమని అతని దావా. యాభై దాటిన మనిషి. బోనెక్కి ప్రమాణం చేస్తుండగానే ఆమెకి అర్థమైపోయింది. బరువంతా కుడికాలి మీద ఉంది. ఎడమ మడమ పేరుకే నేల మీద ఉంది. రెండు చేతులూ బోను కడ్డీ మీద ఆనించి, నడుము బరువు చేతులకి ఇస్తున్నాడు. అచ్చం అలాగే ఆమె చేతులు కూడా ఆ నిమిషంలో బల్ల అంచు మీద ఉన్నాయి.

గోడౌన్ తరఫు లాయరు లేచాడు.

"ఇవాళ కోర్టుకి ఎలా వచ్చావు?"

"బస్సులో అండి."

"ఎంతసేపు ప్రయాణం?"

"గంట పైనే అండి."

"సీటు దొరికిందా?"

"ఖాళీలున్నాయండి. నిలబడే వచ్చాను."

"అంటే సీట్లు ఖాళీగా ఉన్నా గంటసేపు కుదుపుల్లో నిలబడి వచ్చావు. అంత ఓపిక ఉన్నవాడికి బస్తా ఎత్తే ఓపిక లేదు. అంతేనా?"

కోర్టులో సన్నగా నవ్వులు. హమాలీ మొహంలో నెత్తురు లేదు. జడ్జిగారు అతని వాలకం చూసి, "కుర్చీ వేయించమంటావా?" అని అడిగారు.

"వద్దు బాబుగారూ. కూర్చోలేనండి."

లాయరు వెంటనే అందుకున్నాడు. "తమరు గమనించాలి. కుర్చీ ఇస్తామన్నా అక్కర్లేదంటున్నాడు. నొప్పున్న మనిషి కుర్చీ వదులుకుంటాడా?"

జడ్జిగారు ఒక్క క్షణం ఆలోచించి ఆమెకి చెప్పసాగారు. "సాక్షికి కుర్చీ ఇవ్వజూపగా, అక్కర్లేదని నిరాకరించినాడు."

వేళ్ళు 'కుర్చీ ఇవ్వజూపగా' దాకా వెళ్ళి ఆగిపోయాయి. ఇరవై రెండేళ్ళలో చెప్పింది చెప్పినట్టు టైపు చెయ్యడమే తప్ప ఆ గదిలో ఆమె తనంతట తానుగా నోరు తెరిచి ఎరగదు.

"రాశారామ్మా?"

"సార్... సాక్షి అక్కర్లేదనలేదండి. కూర్చోలేనన్నాడు."

లాయరు గట్టిగానే అన్నాడు, "రెండూ ఒకటే కదండీ!"

జడ్జిగారు లాయరుని చూడలేదు. ఆమెని చూశారు. పెట్టెల మీద ఉన్న కంప్యూటరుని, బల్ల అంచు పట్టుకున్న చేతుల్ని చూశారు. "ఒకటి కాదు" అన్నారు నెమ్మదిగా. "సాక్షి నోట ఏ మాట వచ్చిందో అదే రాయండమ్మా."

ఆమె టైపు చేసింది. 'వద్దు, కూర్చోలేను అని సాక్షి చెప్పినాడు.'

విరామంలో నడవలోకి వచ్చింది. గోడవారగా పొడుగాటి బెంచీ ఖాళీగా ఉంది. దానికి ఆ చివర హమాలీ గోడకి భుజం ఆనించి నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి రెండడుగులు వేశాడు.

"అమ్మా, మీక్కూడానా?"

ఎడమ కాలా, కుడి కాలా, రాత్రిళ్ళు ఎటు తిరిగి పడుకుంటారు, తుమ్మితే ఏం చేస్తారు, బోర్లా పడుకుని లేచే వ్యాయామం ఎవరైనా నేర్పారా... అన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. ఆరు నెలలు మాట్లాడినా తరగనన్ని మాటలు. కానీ కేసు నడుస్తున్న మనిషితో కోర్టు ఉద్యోగి నడవలో మాట్లాడుతోందని ఆ లాయరు చూస్తే, రాయించిన ఆ ఒక్క ముక్కకీ విలువ లేకుండా పోతుంది.

"మీతో నేను మాట్లాడకూడదండీ. కేసు అయ్యేదాకా" అంది.

అతను తల ఊపాడు. "అలాగేనమ్మా." వెనక్కి నడిచి మళ్ళీ గోడకి ఆనుకున్నాడు. ఆమె లోపలికి వచ్చేసింది. ఆ రోజు ఇంటికెళ్ళి పడుకుని బల్ల అడుగు చూస్తూ, తను చేసింది న్యాయమేనని ఎన్నిసార్లు చెప్పుకున్నా మనసు ఒప్పుకోలేదు. ఇంత పెద్ద ఊళ్ళో తన నొప్పిని చూడగానే గుర్తుపట్టినవాడు ఒక్కడు. ఆ ఒక్కడితోనే మాట్లాడకూడదు.

తర్వాత రెండు వాయిదాలకీ డాక్టరు సాక్ష్యమే నడిచింది. హమాలీ రాలేదు. తీర్పు అతనికి అనుకూలంగా వచ్చింది. అప్పటికి ఆమె అరగంట దాకా కూర్చోగలుగుతోంది. జడ్జిగారు తీర్పు చెప్తుంటే సగం కూర్చుని, సగం నిలబడి టైపు చేసింది. ఇక మాట్లాడొచ్చు. నకలు తీసుకోవడానికి అతనే వస్తాడని ఎదురుచూసింది. అతని లాయరు గుమాస్తా వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళాడు. ఆగలేక బంట్రోతుని అడిగింది.

"గోడౌన్ కేసాయనా? కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడంటండి. ఎందుకండీ?"

"ఏం లేదు. ఊరికే."

నడక ఐదు నిమిషాల నుంచి నలభైకి చేరింది. ఒక వారం బాగుండేది, ఇంకో వారం మొదటికొచ్చినట్టుండేది. నీళ్ళతనికి చెప్పి చిన్న క్యాన్లు వేయించుకుంటోంది. ఫిజియో ఇక రానక్కర్లేదంది. ఆ మాటకి సంతోషించాలి కదా, కానీ ఆ రోజు ఇంటికి వస్తూ దారిలో రెండుసార్లు ఆగింది, ఏదో మర్చిపోయినట్టు.

తొమ్మిదో నెలలో ఒక సాయంత్రం బస్సు దిగి, రోడ్డు దాటి, తన వీధి మలుపు తిరిగాక తట్టింది. బస్సులో దారిపొడుగునా కూర్చునే వచ్చింది. కిటికీలోంచి బయటికి చూస్తూ, ఏ నొప్పీ గుర్తులేకుండా. ఉన్నచోటే నిలబడిపోయి ఎడమకాలు కదిపి చూసుకుంది. చిటికెన వేలు మాత్రం ఇంకా మొద్దుగా ఉంది. మిగతా కాలంతా ఆమెదే.

నవ్వొచ్చింది. వెంటనే ఎవరికైనా చెప్పాలనిపించింది. వీధిలో నిలబడే అన్నయ్యకి ఫోను చేసింది.

"అన్నయ్యా, ఇవాళ బస్సులో గంటసేపు కూర్చున్నాను."

"ఊఁ. అయితే?"

"నొప్పి లేదు. అస్సలు లేదు."

"ఏ నొప్పి?" కాసేపు అవతల టీవీ చప్పుడు. "ఓ, ఆ నడుం నొప్పా? అదెప్పుడో తగ్గిపోయిందనుకున్నానే!"

పక్కనుంచి సైకిలు మీద ఎవరో బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"అవునన్నయ్యా" అంది. "తగ్గిపోయింది. వదిన ఎలా ఉంది?"

వదిన మోకాలి గురించి అన్నయ్య చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ఫోను చెవికి ఆనించుకుని, వింటూ, ఎక్కడ నొప్పో, మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, పొద్దున్నా సాయంత్రమా అని ఒక్కొక్కటే అడుగుతూ, ఇంటివైపు నెమ్మదిగా నడిచింది.