గాజుపెట్టె ముందు గంటసేపు

మోచేతుల దాకా రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి, గాలి చొరని గాజుపెట్టెలో ఆమె సీసా మూత తిప్పుతోంది. లోపల వేళ్లు కదులుతుంటే బయట పెదవులు అంకెలు లెక్కిస్తున్నాయి. ఇరవయ్యారేళ్లుగా ఇదే నిలుపు. కుడిభుజం ఎడమదానికన్నా అంగుళం కిందికి జారింది. తొడుగుల అంచులు ముంజేతుల మీద గాజుల్లా గీతలు వేశాయి. ఆస్పత్రి నేలమాళిగలో అందరికీ ఆమె పెట్టె అక్క.

ఆరోగ్యవంతులు పొద్దున్నే ఇచ్చిపోయిన మలాన్ని కలిపి, వడగట్టి, అందులోని క్రిములను ప్రాణంతో గొట్టాలకెక్కించడం ఆమె పని.

“అక్కా, ఇవాళ సరుకు ఘుమఘుమలాడిపోతోంది” అన్నాడు ఫ్రీజర్ల కాపలాదారు, ముక్కు మూసుకుని.

“నీ జోకులకన్నా నయమేలే తమ్ముడూ. ఇదైనా ఎవరికో ఒకరికి పనికొస్తుంది.”

నిజమే. కాలేయం పంపిన పిత్తామ్లాలను ఈ క్రిములు పేగుల్లో అటకాయించి, ఓ కొస విరిచి, వేరే ఆమ్లాలుగా మారుస్తాయి. మారిన ఆ ఆమ్లాలే పేగులకు కావలి. పాడు క్రిమిని పెరగనివ్వవు. ఘాటైన మందులు పడ్డప్పుడు చెడ్డవాటితో పాటు ఇవీ చస్తాయి. పిత్తం మారదు, పాడు క్రిమి కాపురం పెడుతుంది, మనిషి నీళ్లయి కారిపోతాడు. ఇంత చేసే ఈ ప్రాణులకు గుక్కెడు గాలి సోకితే చావే.

ఇందులో సగం ఆమె గొట్టాలు చూసి నేర్చుకుంది. మిగతా సగం చెల్లెలు నేర్పింది, చచ్చిపోతూ.

తల్లి పోయాక తానే జడలేసి పెంచిన చెల్లెలు. పంటిపోటుకు మింగిన మందులతో పేగులు గుల్లయి, తొమ్మిదేళ్ల కిందట ఇదే ఆస్పత్రి వసారాలో, బల్ల మీద ముడుచుకుని పడుకుంది. అప్పట్లో ఈ గొట్టాలు పరీక్షలకే తప్ప రోగులకు ఇచ్చేవారు కాదు. ఈమె గొట్టం చేతపట్టుకుని పెద్ద డాక్టరు గది ముందు నిలబడింది.

“ఒకరి మలం ఇంకొకరికి మందా? ఇది ఆస్పత్రి తల్లీ, పెంటకుప్ప కాదు. ఓ గంట ఆగు. మీటింగ్ అయ్యాక చూద్దాం.”

గంట ఆగింది. ఆ తరువాత ఆగవలసిన పని లేకపోయింది.

అప్పటినుంచి పగను కూడా ఆమె ఈ క్రిముల్లాగే పెంచింది: చీకట్లో, ఒంటి వేడిలో, ఎవరి గాలీ సోకనీయకుండా.

పదకొండింటికి చిన్న డాక్టరమ్మ మెట్లు దూకుతూ వచ్చింది.

“అక్కా, పెద్ద డాక్టరు గారికి చాలా సీరియస్‌గా ఉంది. ఆ పేగుల జబ్బే. ఏ మందూ పనిచెయ్యట్లేదు. మీ గొట్టం కావాలని ఆయనే అడిగారు!”

“ఆయనే?”

“ఆయనే. చేతులెత్తి మొక్కారు కూడా.”

గొట్టం సిద్ధంగా ఉంది. పెట్టెలోని పట్టీ తెల్లగా ఉంది. గాలి చేరితేనే అది గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆమె పట్టీకి ఒళ్లు అడ్డంపెట్టి నిలబడింది.

“పట్టీ గులాబీ అయిందమ్మా. ఎక్కడో గాలి దూరింది. మళ్లీ తెల్లబడేదాకా తలుపు తీయకూడదు. ఓ గంట ఆగాలి.”

“గంటా!”

“గంటే.”

డాక్టరమ్మ పరుగెత్తింది. కాపలాదారు అక్క భుజం మీదుగా తొంగిచూశాడు.

“అక్కా, పాలలా తెల్లగా ఉందిగా?”

“నీ కళ్లజోడు మార్చుకో తమ్ముడూ.”

అతను ఆ చెల్లెలిని ఎరుగును. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకోలేదు.

ఆమె స్టూలు లాక్కుని గడియారానికి ఎదురుగా కూర్చుంది. చంపాలని లేదు. గంటకు ఎన్ని నిమిషాలో, నిమిషానికి ఎన్ని మెలికలో ఆయన పేగులకు తెలియాలి. తెలిశాక ఇస్తుంది, వంక పెట్టలేనంత శుభ్రంగా ఇస్తుంది. ఆపైన ఆయన బతికినన్నాళ్లూ, తిన్న ప్రతి ముద్దా ఆ పెంటకుప్ప దయవల్లే అరగాలి. ఆ తలపు నాలుక మీద తియ్యగా ఉంది. నలభయ్యో నిమిషానికి వెగటయింది. యాభయ్యో నిమిషంలో ఆమె చెయ్యి, దానంతట అదే, తలుపు పిడి మీదికి పోయింది.

వెనక్కి తీసుకుంది. ఆయన ఒక్క నిమిషమైనా తగ్గించాడా?

గంట నిండాక మూత బిగించిన గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని మూడంతస్తులు ఎక్కింది. గుమ్మంలో డాక్టరమ్మ గోడకు చేరబడి ఉంది.

“పోయి పది నిమిషాలైంది అక్కా. అప్పుడే అందినా బతికేవారో లేదో. మీరేం బాధపడకండి.”

ఆ ఓదార్పు ఆమెకు చెంపపెట్టులా తగిలింది. అప్పుడే అందినా. చెల్లెలి గురించి ఆ మాట తొమ్మిదేళ్లుగా ఎవరినీ అననివ్వలేదు, తానూ అనుకోలేదు.

గదిలోకి వెళ్లింది. అప్పటికే ఆయన్ని తీసుకుపోయారు. మంచం మీద దుప్పటి లేదు, దిండు లేదు. పక్కన బల్ల మీద, గాజుగ్లాసు నీళ్ల అడుగున ఆయన కట్టుడుపళ్లు, ఎవరో ముద్ద అందిస్తారన్నట్టు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి.