వడ్డించిన తల్లి

సక్కుబాయి పెద్ద బగోనెలో బాస్మతి బియ్యం కడుగుతోంది. మామూలు ఆదివారాల్లో ఆ హాస్టల్ పిల్లలకు దొడ్డన్నం, నీళ్ల చారు. ఈ రోజు అనాథలకని డబ్బు పంపే స్పాన్సర్లు విదేశాల నుంచి వస్తున్నారు కాబట్టి కోడి బిర్యానీ. అలవాటు లేని నెయ్యికి రేపు సగం మంది పిల్లలకు విరేచనాలవుతాయి. అవి కడగవలసింది కూడా ఆమే.

ఆమె మోచేతుల దాకా ఆవిరి కాల్చిన మచ్చలు. భర్త ఖాజాగూడ గుట్టల్లో రాళ్లు కొట్టేవాడు. ఆ దుమ్ము అతని ఊపిరితిత్తులను తినేసింది. అతను కొట్టిన గుట్ట ఉన్నచోట ఇప్పుడు అద్దాల ఆఫీసు లేచింది. పిల్లలు లేని సక్కుబాయి చెరువు వెనక సందులోని ఈ హాస్టల్లో వంటకు కుదిరింది. పిల్లలు "సక్కవ్వా" అని పిలిస్తే చాలు, ఆమెకు కడుపు నిండేది. ఇంట్లో పోచమ్మకు దీపం పెట్టి వచ్చి, ఇక్కడ తలుపు చాటున నిలబడి యేసు పాటలు వినేది. దేవుళ్లతో ఆమెకు ఏ పేచీ లేదు. ఏడాదికోసారి వచ్చే ఈ రోజంటేనే రోత.

డైరెక్టర్ జయపాల్ ఇస్త్రీ చొక్కాలో వంటింట్లోకి వచ్చాడు.

"కారం తగ్గించండి సక్కుబాయమ్మా. పిల్లలకి పొద్దున్న ఏమీ పెట్టకండి. వాళ్ల ముందు ఆవురావురుమని తినాలి కదా."

"పసి పోరగాండ్లు సారూ..."

"ఒక్క పూటే కదండీ."

పదకొండింటికి నవ్య తల్లి సరిత వచ్చింది. భర్త పోయాక ఆమె టవర్ల పనిలో ఇసుక మోస్తూ, కూలీల రేకుల షెడ్డులో ఉంటోంది. అక్కడ బడి లేదని ఏడేళ్ల కూతురిని ఇక్కడ చేర్పించింది. ఆమెను చూసి జయపాల్ ముఖం మాడ్చుకున్నాడు.

"ఇవాళే రావాలా? గేటు దగ్గరుంటే వాళ్ల కంట పడుద్ది. వంటింట్లో ఉంచండి సక్కుబాయమ్మా. ఎవరన్నా అడిగితే పనిమనిషని చెప్పండి."

"మంచిది సారూ. జర దూరంకెళ్లి చూస్త, గంతే," అంది సరిత. ఎదురు మాట్లాడితే పిల్లను వెనక్కి పంపుతారేమోనని ఆమె భయం.

హాలు నిండా ఫోన్లు, ఫొటోలు. ఒక ముసలి దొరసాని నవ్యను ఒళ్లో కూర్చోబెట్టుకుని జుట్టు నిమురుతోంది. వడ్డించడానికి మనుషులు చాలక జయపాల్ సరిత చేతికే బిర్యానీ పళ్లెం ఇచ్చి పంపాడు. ఆమె వంగి దొరసానికి వడ్డిస్తున్న సమయానికే నవ్య లేచి నేర్పిన మాటలు చెప్పాల్సి వచ్చింది.

"నా పేరు నవ్య. నాకు నాన్న లేడు..."

పిల్ల తల్లిని చూసి ఆగిపోయింది. జయపాల్ నవ్వుతూనే పిల్ల భుజం నొక్కాడు. "చెప్పమ్మా."

"నాకు అమ్మ లేదు."

సరిత చేతిలో గరిటె ఒరిగి అన్నం నేల మీద పడింది. ఆమె కూర్చుని ఒక్కొక్క మెతుకూ ఏరసాగింది. జయపాల్ ఆ మాటలను ఇంగ్లీషులో చెప్పగానే దొరసాని వెక్కి వెక్కి ఏడుస్తూ నవ్యను హత్తుకుంది.

తలుపు చాటు నుంచి చూస్తున్న సక్కుబాయి హాల్లోకి వచ్చింది. సరితను రెక్క పట్టి లేపింది.

"అబద్ధం! దీని తల్లి గీమెనే!"

దొరసాని జయపాల్ వైపు చూసింది. అతను తడబడకుండా ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆమె ముఖం విప్పారింది. లేచి వచ్చి సరిత చెంపలు నిమిరింది. నవ్యను మధ్యలో పెట్టుకుని ముగ్గురికీ ఫొటో తీయించింది.

"ఏం జెప్పిండే?" అని సక్కుబాయి పదో తరగతి హర్షిణిని అడిగింది.

"ఈమె పిల్లలందర్కి తల్లి లెక్క అన్నడవ్వా."

అతిథులు పడకలు చూడటానికి మేడ ఎక్కారు. వంటింట్లో నవ్య తల్లి బొటనవేలు వదలలేదు.

"నా ముంగట్నే అమ్మ లేదన్నదవ్వా," అంది సరిత.

"అది అనలే. అనిపిచ్చిండ్రు."

"తీస్కపోత."

"షెడ్డుకాడ బడి లేదంటివి గద?"

"బడి లేకుంటే ఎట్లనో ఏమో. నేనైతె ఉంట గద."

సక్కుబాయి వెనక తలుపు తీసింది. సరిత ఏడేళ్ల పిల్లను చంటిబిడ్డలా చంకనెత్తుకుని చెరువు కట్ట మీదుగా నడిచి వెళ్లిపోయింది.

కార్లు వెళ్లాక జయపాల్ నవ్య ఏదని అడిగాడు.

"తల్లి తీస్కపోయింది. నేనే తలుపు తీసిన."

అరుస్తాడనుకుంది. అతను ఒక క్షణం ఆలోచించాడంతే. "పోనీలెండి. ఆ దొరసానికి మన పిల్లలందరూ ఒకేలా కనపడతారు. వచ్చే ఏడు ఇంకో పిల్లకి నవ్య అని పేరు పెడితే సరి," అంటూ బగోనెలోంచి కోడికాలు తీసి కొరికాడు.

నెయ్యితో మెరుస్తున్న ఆ పెదాలను చూడలేక సక్కుబాయి ముఖం తిప్పుకుంది.

"రేపటి సంది నేను రాను సారూ."

పొద్దుటి నుంచి ఏమీ తినకపోయినా, కుళాయి దగ్గర నోరు పుక్కిలించి ఉమ్మింది. గుమ్మం దగ్గర హర్షిణి నిలబడి ఉంది.

"రేపు మాకెవరు వండుతరవ్వా?"

సక్కుబాయి ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టింది. చెయ్యి తీసి ముందు వరండాలోకి నడిచింది.

హాలు బయట విడిచిన చెప్పులన్నీ పిల్లలు తొడుక్కుని పోయారు. వంటింటి తలుపులోంచి తల్లి చంకనెక్కి పోయిన పిల్లవి మాత్రం, తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చిన రెండు చిన్న రబ్బరు చెప్పులు, హాలు వైపే తిరిగి ఉన్నాయి.